తలుపు వెనక ముప్పావుగంట: ఆటిజం ఉన్న పిల్లలకు ఏం నేర్పుతారు, ఎలా నేర్పుతారు?



పీటీఎం రోజున కొందరు తల్లిదండ్రులు తమ వంతు వచ్చినా ముందుకు రారు. మిగతావాళ్లంతా వెళ్లిపోయేదాకా ఆగి, అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్తారు. "మేడమ్, బాబుకి బయట థెరపీ నడుస్తోంది. డాక్టర్ గారు ఆటిజం అన్నారు. క్లాసులో ఎవరికీ తెలియనివ్వకండి." అక్కడ ఏం చేయిస్తున్నారండీ అని అడిగితే చాలామంది దగ్గర ఒకటే జవాబు. "ఏమో మేడమ్, లోపలికి తీసుకెళ్లి తలుపు వేస్తారు. ముప్పావుగంట మేం బయట కూర్చుంటాం. ఈరోజు బాగా చేశాడు అని చెప్పి పంపిస్తారు."

నెలనెలా వేల రూపాయలు కట్టి, ఆఫీసులో పర్మిషన్లు పెట్టుకుని, ట్రాఫిక్‌లో పడి తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆ తలుపు వెనక ఏం జరుగుతోందో తెలియకపోవడం న్యాయం కాదు. పైగా అక్కడ నేర్పింది మిగతా ఇరవై మూడు గంటల్లో ఎవరూ చేయించకపోతే నిలవదు కూడా. అందుకే ఈ నెల ఈ విషయం తీసుకున్నాను. నేను థెరపిస్టును కాను, ప్రైమరీ క్లాసులకు ఇంగ్లీష్ చెప్పే టీచర్‌ని. బీఈడీలో ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ గురించి చదివింది కొంత, క్లాసులోకి వచ్చాక పిల్లల అవసరం కొద్దీ చదివింది ఎక్కువ. మీ బిడ్డకు ఏది సరిపోతుందో తేల్చాల్సింది బిడ్డను స్వయంగా చూసిన నిపుణులే. వాళ్లను ఏం అడగాలో, ఇంట్లో ఏం చేయొచ్చో మాత్రం చెప్పగలను.

ఆటిజం అంటే

ఆటిజం అంటు కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదిగే తీరులో తేడా. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల సైకియాట్రిస్టు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో వైద్యులు దీన్ని విడిగా గుర్తించడం మొదలుపెట్టారు. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆస్పర్జర్ లాంటి పాత పేర్లను కలిపి ‘ఆటిజం స్పెక్ట్రమ్’ అని ఒకటే పేరు పెట్టింది. ఒక పాప అసలు మాట్లాడదు. ఇంకో బాబు రైళ్ల నంబర్లన్నీ గడగడా చెప్తాడు గానీ పక్కవాడితో ఆట ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఇద్దరికీ అదే పేరు. మనుషులతో మాట కలపడంలో ఇబ్బంది, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం, చిన్న మార్పును కూడా తట్టుకోలేకపోవడం, ఈ లక్షణాలు ఏదో ఒక మోతాదులో ఇద్దరిలోనూ ఉంటాయి. శబ్దం, వెలుతురు, చొక్కా వెనక లేబుల్ గీసుకోవడం, పెరుగన్నం జిగట, ఇలాంటివి కొందరికి మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తెలుస్తాయి. కొందరికి దెబ్బ తగిలినా పెద్దగా తెలియదు.

ఇది తల్లి ఉద్యోగానికి వెళ్లడం వల్ల రాదు. టీకాల వల్ల రాదు. టీకాల పుకారుకు మూలమైన 1998 నాటి పరిశోధన పత్రాన్ని, ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ అతిగా చూసే పిల్లలకు మనుషులతో మాట్లాడే సమయం తగ్గిపోతుంది కాబట్టి దాన్ని తగ్గించాల్సిందే, కానీ ఫోన్ ఆటిజాన్ని తెచ్చిపెట్టదు. కోడలి మీద నేరం మోపే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పేరా దయచేసి వాళ్లకు చదివి వినిపించండి.

మాన్పించే ముందు, ఎందుకో చూడండి

బిహేవియర్ థెరపీ అనగానే అల్లరి మాన్పించడం అనుకుంటాం. నిజానికి మంచి థెరపిస్టు చేసే మొదటి పని మాన్పించడం కాదు, ‘ఎందుకు’ అని వెతకడం. మాట సరిగ్గా రాని బిడ్డకు ప్రవర్తనే మాట.

ఒక ఉదాహరణ అనుకుందాం. రెండో తరగతి బాబు. డిక్టేషన్ మొదలవగానే నోట్‌బుక్ పేజీ చింపుతాడు. టీచర్ కోప్పడి వరండాలో నిలబెడుతుంది. మర్నాడు ఇంకా తొందరగా చింపుతాడు. వారం తిరిగేసరికి ఇంగ్లీష్ పుస్తకం బయటికి తీయగానే చింపుతాడు. మనకు వరండా శిక్ష. వాడికి అది బహుమతి, ఎందుకంటే డిక్టేషన్ తప్పింది. అంటే ఇక్కడ మనమే రోజూ పాఠం చెప్తున్నాం: "నాన్నా, రాయడం ఇష్టం లేకపోతే పేజీ చింపు, బయటికి పంపిస్తాం" అని.

థెరపిస్టులు దీన్ని పట్టుకోవడానికి ఒక కాగితం మీద మూడు గళ్లు గీస్తారు. ముందు ఏం జరిగింది? బిడ్డ ఏం చేశాడు? ఆ వెంటనే ఏం జరిగింది? ఒక వారం రోజులు రాస్తే చాలు, మామూలుగా కారణం తనంతట తానే కనిపిస్తుంది. ఎక్కువగా కనిపించేవి నాలుగు. ఏదో ఒకటి కావాలి, ఏదో ఒకటి తప్పించుకోవాలి, ఎవరైనా తన వైపు చూడాలి, లేదా ఆ పని ఒంటికి హాయిగా ఉంది. ఒకే రకం ఏడుపు నలుగురు పిల్లల్లో నాలుగు వేరు వేరు కారణాలతో రావచ్చు. అందుకే పక్కింటి పాపకు పనిచేసిన చిట్కా మీ బాబుకు పనిచేయదు.

కారణం తెలిశాక, అదే పని జరిపించుకోవడానికి ఇంకో మంచి దారి నేర్పాలి. పేజీ చింపే బాబుకు డెస్కు మీద ‘బ్రేక్’ అని బొమ్మ ఉన్న కార్డు అతికిస్తాం. చింపే ముందే చెయ్యి పట్టి ఆ కార్డు చూపించేలా చేస్తాం. చూపించగానే రెండు నిమిషాలు విరామం. మొదట్లో పది సార్లు చూపిస్తాడు, ఫరవాలేదు. కార్డు పనిచేస్తోందని నమ్మకం కుదిరాక విరామానికి ముందు ఒక పదం, తర్వాత మూడు పదాలు రాయించవచ్చు. ఇంకో వైపు డిక్టేషన్ ఎందుకంత కష్టమో కూడా చూడాలి. పెన్సిల్ పట్టులో బలం లేదేమో, పది పదాలు ఒకేసారి వాడికి ఎక్కువేమో. విరామం ఇచ్చి, పనిని మాత్రం అంతే కష్టంగా ఉంచితే అది సగం వైద్యమే.

ఇంట్లో దీనికి అద్దం లాంటి సీను సూపర్ మార్కెట్‌లో జరుగుతుంది. చాక్లెట్ల దగ్గర పడి దొర్లుతాడు. నలుగురూ చూస్తున్నారని కొనిస్తాం. ఇక కొనివ్వకూడదని ఒకరోజు గట్టిగా నిర్ణయించుకుంటే ఏడుపు తగ్గదు, ముందు పెరుగుతుంది. ఇప్పటిదాకా పనిచేసిన స్విచ్ పనిచేయకపోతే మనమైనా ఇంకా గట్టిగా నొక్కుతాం కదా, అలాగే. ఈ దశ వస్తుందని ముందే తెలియక చాలామంది మూడో రోజున లొంగిపోతారు. అప్పుడు బిడ్డ నేర్చుకునేది: మామూలుగా ఏడిస్తే చాలదు, ఇంతగా ఏడవాలి. కాబట్టి మొదలుపెట్టే ముందే ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. అమ్మ వద్దంటే తాతయ్య జేబులోంచి తీసి ఇచ్చేస్తే ప్లాన్ అక్కడే పోయింది. తాతయ్య మనసు వేరే, ప్లాన్ వేరే. అలాగే అడిగే మంచి దారి కూడా అదే రోజు నేర్పాలి. బొమ్మ చూపించి అడిగితే, ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ‘ఈరోజు ఒకటి’ అని ఒప్పందం చేసుకుంటే, ఆ ఒకటి కచ్చితంగా ఇవ్వాలి.

రెండు జాగ్రత్తలు. ఎప్పుడూ లేనిది ఒక్కసారిగా తల బాదుకోవడం, చెయ్యి కొరుక్కోవడం మొదలైతే ముందు వెళ్లాల్సింది పిల్లల డాక్టర్ దగ్గరికి. పంటి నొప్పి, చెవి పోటు, మలబద్ధకం చెప్పుకోలేని బిడ్డ ఇంకెలా చెప్తాడు? రెండోది, ఫంక్షన్ హాల్లో బ్యాండ్ మోగగానే చెవులు మూసుకుని కేకలు పెట్టే పాప మొండి చేయడం లేదు. తట్టుకోలేకపోతోంది. దీన్నే మెల్ట్‌డౌన్ అంటారు. అక్కడ ‘పట్టించుకోకపోవడం’ పద్ధతి వాడకూడదు. వీలైనంత తక్కువ మాట్లాడి, నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకెళ్లి, తేరుకునేదాకా పక్కన ఉండాలి. పాఠాలు ఆ తర్వాత.

కొట్టడం గురించి కూడా చెప్పాలి. "ఒక్క దెబ్బ వేయండి మేడమ్, మేం ఏమీ అనుకోం" అని మాతో అనే పేరెంట్స్ ఇప్పటికీ ఉన్నారు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం అది నిషిద్ధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, దెబ్బ ఏం చేయకూడదో చెప్తుంది, ఏం చేయాలో చెప్పదు. ఈ పిల్లలకు తెలియనిది సరిగ్గా అదే.

ఒక పనిని ఆరు ముక్కలు చేయడం

ఇప్పుడు తలుపు వెనక ఎక్కువ సమయం దేనికి పోతుందో చూద్దాం. ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక్కొక్కటే నేర్పుతారు. మనకు ‘సాక్స్ వేసుకో’ ఒక మాట. ఆ బిడ్డకు అది ఐదారు పనులు. సాక్స్ తిన్నగా పట్టుకోవాలి, నోరు తెరవాలి, వేళ్లు దూర్చాలి, మడమ దాటించాలి, పైకి లాగాలి. దీన్ని చివరి నుంచి నేర్పితే తేలిక. మొదట అంతా మీరే వేసి, మడమ దాటాక పైకి లాగే చివరి పని మాత్రం బిడ్డకు వదలండి. అది వచ్చాక మడమ దగ్గర ఆపండి. తర్వాత వేళ్ల దగ్గర. ఇలా నేర్పితే ప్రతిసారీ పని బిడ్డ చేతిలోనే పూర్తవుతుంది, ‘నేనే వేసుకున్నా’ అన్న సంతోషం రోజూ దక్కుతుంది. లంచ్ బాక్స్ మూత తీయడం, యూనిఫామ్ గుండీలు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక చేతులు కడుక్కోవడం అన్నీ ఇలాగే.

సాయం చేయడంలో ఒక లెక్క ఉంది. చెయ్యి పట్టి చేయించడం ఎక్కువ సాయం. చేసి చూపించడం కొంచెం తక్కువ. వేలు చూపడం ఇంకా తక్కువ. ఊరకే ఆగి ఎదురు చూడడం అన్నిటికంటే తక్కువ, మనకు అన్నిటికంటే కష్టం. బిడ్డకు వచ్చేకొద్దీ ఒక్కో మెట్టు సాయం తీసేస్తూ రావాలి. మన ఇళ్లలో ఇబ్బంది ఇక్కడే. స్కూలు బస్సు వచ్చే టైమ్‌కి అమ్మ గబగబా తినిపిస్తుంది, నానమ్మ షూ తొడుగుతుంది, నాన్న బ్యాగు మోస్తారు. ప్రేమతోనే. కానీ అడగకుండానే అన్నీ జరిగిపోయే ఇంట్లో అడగాల్సిన అవసరం బిడ్డకు ఎప్పుడు వస్తుంది? నీళ్ల గ్లాసు అందేంత దూరంలో కాకుండా కనిపించేంత దూరంలో పెట్టి, ఒక్క ఐదు సెకన్లు ఆగి చూడండి. చూపు, వేలు, శబ్దం, మాట, ఏదో ఒకటి వస్తుంది. వచ్చిన వెంటనే ఇచ్చేయండి.

వెంటనే అన్నది ముఖ్యం. బహుమతి అంటే ఆదివారం కొనిపెట్టే సైకిల్ కాదు, ఆ క్షణంలో దక్కేది. అది బిడ్డకు నచ్చేదై ఉండాలి, మనకు నచ్చేది కాదు. మా దగ్గర గోల్డ్ స్టార్లు ఎన్నో ఉంటాయి. కొందరు పిల్లలకు అవి ఎందుకూ పనికిరావు. రెండు లెక్కలు చేస్తే ఒక నిమిషం గ్లోబు తిప్పనిస్తాం అంటే మాత్రం చేస్తారు. చిప్స్, చాక్లెట్లతో మొదలుపెట్టినా వాటితో పాటు మెచ్చుకోలు, ఆట కలుపుతూ పోయి తినే వస్తువుల్ని తగ్గించాలి. మెచ్చుకునేటప్పుడు ‘గుడ్ బాయ్’ కంటే ‘మూత నువ్వే తీశావు!’ అన్నది మేలు. దేనికి మెచ్చుకున్నారో తెలుస్తుంది.

ఏబీఏ పేరు, దాని వెనక కథ

ఇలా ముక్కలు చేసి, సాయం చేసి, బహుమతి ఇచ్చి నేర్పే శాస్త్రానికి అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అని పేరు. బోర్డుల మీద ఏబీఏ అని ఉంటుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ సిద్ధాంతాల నుంచి వచ్చింది. ఆటిజం పిల్లలకు దీన్ని పెద్ద ఎత్తున వాడినవారు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇవార్ లోవాస్. 1987లో ఆయన ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి సుమారు 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా నేర్పించిన 19 మంది చిన్నపిల్లల్లో 9 మంది మామూలు ఒకటో తరగతి పూర్తి చేశారని, వాళ్ల ఐక్యూ సాధారణ స్థాయికి చేరిందని దాని సారాంశం. ‘వారానికి 40 గంటలు’ అన్న మాట ఇప్పటికీ సెంటర్ల ప్రకటనల్లో తిరగడానికి ఇదే మూలం. కానీ ఆ అధ్యయనంలో పిల్లల్ని చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విడదీయలేదు. అంత పెద్ద ఫలితం తర్వాతి పరిశోధనల్లో అందరికీ రాలేదు కూడా.

ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. 1960ల్లో లోవాస్ పద్ధతిలో అరుపులు, చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా ఉండేవి. ఆ పద్ధతుల్లో పెరిగి పెద్దయిన ఆటిస్టిక్ వ్యక్తులు కొందరు ఇప్పుడు తమ అనుభవం చెప్తున్నారు. షాకులు లేని చోట కూడా ‘కళ్లలోకి చూడు’, ‘చేతులు ఆడించకు’ అని గంటల తరబడి ఒత్తిడి చేయడం తమను అలిసిపోయేలా, తామేదో తప్పు అన్నట్టు చేసిందని వాళ్ల మాట. నాకు ఈ మాటలో న్యాయం కనిపిస్తుంది. సంతోషం వేసినప్పుడు చేతులు ఆడించే పాప ఎవరికి నష్టం చేస్తోంది? ఆ గంటల్ని ‘నొప్పిగా ఉంది’ అని చెప్పడం నేర్పడానికి వాడితే జీవితాంతం పనికొస్తుంది. కాబట్టి సెంటర్‌కి వెళ్లినప్పుడు ఎన్ని గంటలు అన్నదానికంటే ఏం నేర్పబోతున్నారు అని అడగండి. లక్ష్యాలు బిడ్డ బతుకును తేలిక చేసేవా, లేక చూసేవాళ్లకు ‘మామూలుగా’ కనిపించడం కోసమా?

ఇప్పుడు చాలామంది నిపుణులు బల్ల దగ్గర కూర్చోబెట్టి కార్డులు చూపించే డ్రిల్లు తగ్గించి, ఆటలోనే నేర్పుతున్నారు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల కోసం శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రూపొందించిన ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అలాంటిదే. బిడ్డ దేని వైపు వెళ్తే అక్కడి నుంచే పాఠం మొదలవుతుంది. బుడగలు ఊదుతుంటే బుడగల దగ్గరే ‘ఇంకా’ అన్న మాట నేర్పుతారు. బుడగల సీసాకు, ఇంట్లో నేల మీద కూర్చోవడానికి ఫీజు లేదు కదా.

చెవికంటే కంటికి

మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు చెప్పినదానికంటే చూపించింది బాగా పడుతుంది. ఈ బలం మీదే ఎరిక్ షాప్లర్ అమెరికాలోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో టీచ్ అనే పద్ధతిని నిర్మించారు. 1972 నుంచి అది ఆ రాష్ట్రమంతటా నడిచింది. ‘కూర్చో, చదువు’ అనే బదులు, ఎక్కడ కూర్చోవాలి, ఎంత పని చేయాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, తర్వాత ఏమిటి, ఈ నాలుగూ కంటికి కనిపించేలా ఏర్పాటు చేయడమే దాని సారం. ఎడమ వైపు ట్రేలో మూడు వర్క్‌షీట్లు, కుడి వైపు ‘అయిపోయింది’ అని రాసిన ఖాళీ డబ్బా. ఎడమ ట్రే ఖాళీ అయితే పని అయిపోయినట్టు. ఇంట్లో హోమ్‌వర్క్‌కి ఇది ఇవాళే మొదలుపెట్టొచ్చు, రెండు పాత స్వీట్ డబ్బాలు చాలు.

క్లాసులో పీరియడ్ల బొమ్మల పట్టీ ఒకటి గోడకు పెడితే అది ఆ ఒక్క బిడ్డకే కాదు, ‘మేడమ్, గేమ్స్ ఎప్పుడు?’ అని పదే పదే అడిగే మిగతా నలభై మందికీ పనికొస్తుంది. పీఈటీ సార్ రాకపోతే గేమ్స్ బొమ్మ తీసి లైబ్రరీ బొమ్మ పెట్టి ముందే చూపిస్తే సగం గొడవ తప్పుతుంది.

మాటలు రాని పిల్లల కోసం 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ డెలవేర్ రాష్ట్రంలో పెక్స్ అనే బొమ్మల మార్పిడి పద్ధతి మొదలుపెట్టారు. బిడ్డ నీళ్ల బొమ్మ తీసి మన చేతిలో పెడితే నీళ్లు ఇస్తాం. ‘కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడేమో’ అని అమ్మలు భయపడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు, కొందరు పిల్లల్లో మాటలు పెరిగాయి కూడా. అడిగితే దొరుకుతుందని ఒకసారి తెలిశాక నోటికీ ధైర్యం వస్తుంది.

మాటలు వచ్చినా కొత్త సందర్భాలకు బెదిరిపోయే పిల్లలకు సోషల్ స్టోరీలు బాగుంటాయి. అమెరికాలోని మిషిగన్‌లో టీచర్‌గా పనిచేసిన కరోల్ గ్రే 1990ల మొదట్లో వీటిని ప్రచారంలోకి తెచ్చారు. బెదిరింపులు లేకుండా, బిడ్డ గొంతుతో, జరగబోయేది ఉన్నదున్నట్టు చెప్పే చిన్న కథ. తిరుపతి వెళ్తున్నారనుకోండి, వారం ముందు నుంచి ఫొటోలతో ఇలా చదివి వినిపించొచ్చు: "మేం శనివారం తిరుమల వెళ్తాం. అక్కడ చాలామంది ఉంటారు. క్యూ నెమ్మదిగా కదులుతుంది. ఒక్కోసారి గదిలో కూర్చుని ఆగాలి. చప్పుడు ఎక్కువైతే నేను చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు. విసుగొస్తే అమ్మ చెయ్యి నొక్కుతాను. అమ్మ నా రింగుల బొమ్మ ఇస్తుంది. దర్శనం అయ్యాక లడ్డూ తింటాం." ఇందులో ‘ఏడవకూడదు’ అని ఎక్కడా లేదు చూడండి. జుట్టు కత్తిరించడం, పంటి డాక్టర్, పెళ్లి భోజనాలు, యాన్యువల్ డే రిహార్సల్, ఏదైనా ఇలాగే రాయొచ్చు.

తెలుగు మానేయాలా?

ఇంగ్లీష్ టీచర్‌గా నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "మాటలు లేటు కదా, స్కూలు ఇంగ్లీష్ మీడియం కదా, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు మేడమ్" అంటారు. దయచేసి తెలుగు మానకండి. ఇప్పటివరకు జరిగిన పరిశోధనల్లో రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు, ఒకే భాషలో పెరిగినవాళ్లకంటే మాటల్లో వెనకబడినట్టు కనిపించలేదు. తెలుగు ఆపేస్తే నష్టం మాత్రం కళ్లముందే కనిపిస్తుంది. ఇంగ్లీష్ రాని అమ్మమ్మ ఆ బిడ్డతో మాట్లాడడమే మానేస్తుంది. ఇంగ్లీష్ వచ్చీరాని అమ్మ ‘కమ్, ఈట్, సిట్’ అని ఆర్డర్లే వేస్తుంది గానీ ముచ్చట్లు చెప్పలేదు. అసలే మాట కరువైన బిడ్డ చుట్టూ ఇంకా మాటలు తగ్గించడం ఎందుకు? మీకు ఏ భాషలో నవ్వొస్తుందో, కోపమొస్తుందో, పాటొస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి. కార్డుల మీద పదాలు మాత్రం థెరపిస్టు, స్కూలు, ఇల్లు ముగ్గురూ ఒకేలా వాడాలి. ఒకచోట ‘బ్రేక్’, ఇంకోచోట ‘విరామం’ అని ఉంటే అయోమయం.

ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరికి దూరంగా ఉండాలి

స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. రాసిచ్చిన లక్ష్యాలు, వాటిలో ఎంత ముందుకు వచ్చాడో చూపించే రికార్డు అడగండి. కనీసం నెలకు కొన్ని సెషన్లు లోపల కూర్చుని చూడనివ్వాలి. ‘పేరెంట్స్ ఉంటే బిడ్డ వినడు’ అని ఎప్పటికీ తలుపు వేసే చోట మీరు నేర్చుకునేది ఉండదు.

‘పూర్తిగా నయం చేస్తాం’ అన్న బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి మూలకణ చికిత్స ఆమోదం పొందిన వైద్యం కాదు. దానికి లక్షలు తీసుకోవడం పేరెంట్స్ ఆశను అమ్ముకోవడమే. ఒంట్లో విషలోహాలు తీసేస్తామనే కీలేషన్ మందులు ప్రమాదకరం. గోధుమ, పాలు మానేసే డైట్లకు గట్టి ఆధారం లేదు. అసలే నాలుగు రకాలే తినే బిడ్డకు ఇంకో రెండు తీసేసే ముందు డాక్టర్‌ని అడగండి.

మనకు దగ్గర్లోనే, సికింద్రాబాద్ బోయినపల్లిలో, 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ ఉంది. పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటారు. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ అనే 40 అంశాల పరీక్ష అక్కడే తయారైంది. సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఇన్సూరెన్స్ కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య, థెరపీ ఖర్చులకు సాయం దొరుకుతుంది. తర్వాత్తర్వాత పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లకు కూడా ఆ సర్టిఫికెట్టే ఆధారం. సర్టిఫికెట్ తీసుకుంటే సీటు పోతుందేమో అన్న భయం మాకు తెలుసు. వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని సెక్షన్ 16 చెప్తోంది. మన స్కూలుకూ అది వర్తిస్తుంది.

తోటి పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట

‘ఆ బాబు పక్కన మా పాపను కూర్చోబెట్టకండి’ అని డైరీలో రాసి పంపేవాళ్లున్నారు. మీ పాపను ఎవరైనా కొడితే మాకు తప్పకుండా చెప్పండి, అది ఆపడం మా బాధ్యత. కానీ పక్కన కూర్చున్నంత మాత్రాన ఆటిజం అంటుకోదు, మార్కులు తగ్గవు. ఇంట్లో పాప అడిగితే ‘వాడికి మాట కష్టం, చప్పుడు కష్టం, నీకు లెక్కలు కష్టమైనట్టే’ అంటే ఆరేళ్ల పిల్లకు అర్థమవుతుంది. బర్త్‌డేకి క్లాసంతటినీ పిలిచినప్పుడు ఆ ఒక్క బాబును మరచిపోకండి. వాళ్లమ్మ రాకపోవచ్చు, కానీ పిలుపు కోసం చూస్తుంది.

ఇక గుట్టుగా థెరపీ చేయిస్తున్న పేరెంట్స్‌కి. మీరు చెప్పింది క్లాసంతా చాటించం. కానీ క్లాస్ టీచర్‌కి తెలియకపోతే థెరపిస్టు నేర్పిన బ్రేక్ కార్డును ఆ టీచర్ ‘ఆట వస్తువు’ అని లాగేసుకునే ప్రమాదం ఉంది. క్లాసులో నలభై మంది ఉంటారు, మేం ఒక్కొక్కరికీ గంటసేపు కేటాయించలేం. ఒక పేజీ కాగితం మాత్రం చదవగలం. దాని మీద ఇవి రాయండి: బిడ్డకు బాగా నచ్చేవి మూడు, బెదరగొట్టేవి మూడు, బాత్రూమ్‌కో నీళ్లకో అడగాలంటే ఏం చేస్తాడు, ఏడుపు మొదలయ్యే ముందు కనిపించే గుర్తు, అప్పుడు ఏం చేస్తే తేరుకుంటాడు, థెరపీలో ఈ నెల నేర్పుతున్న ఒక్క విషయం, ఫోన్ చేయాల్సిన నంబర్. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీష్‌లో రాసినా సరే. కవర్‌లో పెట్టి పీటీఎంకి తెండి, లేదా డైరీ వెనక అట్టలో దాచి పంపండి. జూన్‌లో క్లాస్ టీచర్ మారినప్పుడు తేదీ, నచ్చేవి, నేర్పుతున్నది మార్చి అదే కాగితం మళ్లీ ఇవ్వండి.